ఇరావతిపై కావలి లాంచీలు

(మార్కాపురమున జరిగిన సభలో చేసిన ఉపన్యాసము)



కంభము చెరువుకంటె పెద్ద నీటిని చూడనివారు మనలో పెక్కుమంది. అట్టి మనకు నావికాయుద్ధముతో పనియేమని మీరడుగవచ్చును. మేము చెప్పదలచినది యుద్ధనౌకల ప్రతాపము కాదు. కొన్ని చిన్న మోటారు లాంచీల వృత్తాంతము. అవి తిరిగిన రేవులో బరువులు మోసిన తెలుగువారి గతియు నందులోనే యున్నది.

బర్మాకు ఇరావతీ నదియే రాజమార్గము. 1920 ప్రాంతమున ఆ నదిపై ఇరావతీ ఫ్లోటిల్లా అను స్కాట్లండు కంపెనీకి ఆఱువందలకు పైగా నావలుండెను. ఇవిగాక అధికారులు ఊరూర తనిఖీ చేయుటకు ప్రభుత్వపు లాంచీలుండెను. ఫైళ్లతో, పడకతో, వంటసామానుతో దొరగారు తిరుగుటకు కట్టినవేకాని, తుపాకిగుండ్ల కెదురొడ్డుటకు కట్టినవి కావు.

1941 డిసెంబరు 23న జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. 1942 ఫిబ్రవరిలో బ్రిటిషు రాయల్ మెరీనులు సుమారు నూరుగురు మేజరు డంకన్ జాన్‌స్టన్ నాయకత్వమున సింహళమునుండి అచటికి చేరిరి. ఈ పటాలమునకు ఫోర్స్ వైపర్ అని పేరు. పెద్ద నౌక ఇసుకమేటల నదిలో ఎగువకు పోజాలదు. కావున తనిఖీ లాంచీలనే తీసికొని మరతుపాకులు బిగించి, కావలినౌకలని పేరు పెట్టిరి. మార్చి 7న సిరియములోని నూనె కర్మాగారములను శత్రువునకు దక్కకుండ ధ్వంసము చేయునప్పుడు ఇవియే కావలి కాచెను. మరునాడు రంగూను పడెను. లాంచీలు ట్వాంటే కాలువగుండ ఇరావతిలో ప్రవేశించి, వెనుదీయు సైన్యమును నదివైపు కాయుచు పైకి సాగెను. ప్రోము సమీపమున, పడాంగువద్ద, మెరీనులు రాత్రిదాడిలో చిక్కి పలువురు నష్టపడిరి. తుదకు లాంచీలను తామే ముంచి, మిగిలినవారు భారతదేశమునకు దారిపట్టిరి. ఏప్రిలు 28న మాండలేవద్ద ఫ్లోటిల్లా స్టీమర్లు నూటికి పైగా ఇట్లే సొంతవారి చేత మునిగెను.

ఆ మెరీనుల ధైర్యమును మేము తక్కువ చేయము. అయితే అదే రంగూను రేవులో బస్తాలు మోసిన మనవారి మాటయేమి? గోదావరి ముఖమందలి కోరంగి రేవు పేర వారిని కోరంగీలని పిలిచిరి. బాంబులు పడగానే వారు ఇండ్లకు పోగోరిరి. కాని డెక్కు టిక్కెట్టుపై పోవు భారతీయ పురుషులను ప్రభుత్వము అడ్డగించెను. కూలీలు పోయిన రేవు నిలిచిపోవునట! ఆ తరువాత లక్షలమంది అరకాను కొండలలోను, మణిపురపు అడవులలోను కాలినడకను వచ్చిరి. కలరాతో ఎందఱో దారిలోనే రాలిరి. ఫ్లోటిల్లా స్టీమర్లు కొందఱిని ఎగువకు చేర్చినమాట నిజమే. అయినను తెల్లవారి కొక దారి, నల్లవారి కొక దారి యేర్పడెనని ఆనాడే దేశమున తీవ్రమైన ఆక్షేపణ బయలుదేరెను. దొరగారి లాంచీని కొలది దినములలో యుద్ధనావగా మార్చగలిగిన ప్రభుత్వము, కూలికి ఓడపై చోటు చూపుటకేల జాగు చేసెను? న్యాయస్థానమున నిలిచి యీ ప్రశ్న నడుగువాడు ఆనాడు లేడయ్యెను.

ఆ ఏప్రిలు 6న విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు పడెను. బర్మానుండి ప్రాణములతో తీరము చేరినవారికి ఇచటను అదే మోత వినబడెను.

ఎనుబదియేండ్లు గడచినవి. రంగూనుకు పోయినవారిలో ఉత్తరకోస్తావారే యధికులు. అయినను మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములలో ఏ యింటనైనను ఆనాటి ఓడ టిక్కెట్టుగాని, రేవు కూలిచీటిగాని, ఉత్తరముగాని యున్నయెడల మాకు చూపుడు. నకలు వ్రాసికొని మూలమును అప్పుడే తిరిగి యిచ్చెదము.