మహమ్మారి రోజుల్లో దంతవైద్యుని మాట

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హైటెక్ సిటీ ప్రాంతంలో పళ్ళ వైద్యం చేసుకునే మా వంటివారిని పిలిచి నాలుగు మాటలు చెప్పమన్నందుకు కృతజ్ఞులము. చేతులతో వైద్యం చేయటానికి వీల్లేని రోజుల్లో వైద్యుడు ఏం చేయాలి? కరోనా కాలం మా ముందు పెట్టిన ప్రశ్న ఇదే.

తెలంగాణలో మొదటి కేసు 2020 మార్చి 2న బయటపడింది. రెండు రోజులకే మాదాపూర్ మైండ్‌స్పేస్‌లో ఒక ఉద్యోగికి జబ్బు సోకిందన్న అనుమానంతో ఒక భవనాన్ని ఖాళీ చేయించారు. తర్వాత పుణె పరీక్షలో ఆ జబ్బు లేదని తేలింది. కాని నిజం వచ్చేలోపలే భయం ఇల్లిల్లూ తిరిగి వచ్చింది.

మా పనికి చిక్కు ఎక్కువ. రోగి నోటికి జానెడు దూరంలో కూర్చోవాలి. ఎయిరోటర్ తిరిగితే ఉమ్మి తుంపరలు గాలిలోకి లేస్తాయి. అందుకే 2020 మే 19న కేంద్ర ఆరోగ్యశాఖ దంతవైద్యులకు సూచనలిస్తూ, కంటైన్‌మెంట్ జోన్లలో క్లినిక్‌లు మూసి ఫోనులోనే సలహా చెప్పమన్నది. మామూలు పనులు ఎక్కడైనా వాయిదా వేయమన్నది. ఫోను వైద్యానికి మార్చి 25 నాటి టెలిమెడిసిన్ నిబంధనలు అప్పటికే దారి చూపినాయి.

అయితే తలుపుకు "మూసి ఉన్నది" అని బోర్డు తగిలిస్తే చాలదు. పన్ను నొప్పి లాక్‌డౌన్ చూసి ఆగదు గదా! ఏది ఆగవచ్చు, ఏది ఆగరాదు అన్నది జనానికి విడమరచి చెప్పాలి. క్లీనింగు, కట్టుడు పళ్ళు ఆగవచ్చు. నొప్పి ఉంటే ఫోను చేయాలి. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగరాదు. దవడ వాచి జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగటం కష్టమైనా ఒక్క పూట ఆగరాదు, ఆసుపత్రికి పోవాలి. పిల్లవాడు పడి శాశ్వత పన్ను ఊడివస్తే వేరు ముట్టకుండా పాలలో వేసి గంటలోపల తేవాలి.

ఈ మాటలు తెలుగులోనూ ఉర్దూలోనూ చెప్పాలి. చదువురాని పెద్దలకు గొంతుతో రికార్డు చేసి పంపాలి. రంజాన్ ఉపవాసమున్నవారికి సహరీ, ఇఫ్తార్ వేళలకు కుదిరే మందు ఏదో, అలా కుదరనిది ఏదో స్పష్టంగా చెప్పాలి.

2021లో ఇది ప్రాణాలు నిలిపే మాట అయింది. బ్లాక్ ఫంగస్ వచ్చింది. షుగరు అదుపులో లేక, కరోనాకు స్టెరాయిడ్లు వాడినవారికి ముప్పు ఎక్కువ. పైపళ్ళు కదలటం, ముఖం ఒకపక్క వాయటం, చెంప తిమ్మిరెక్కటం, అంగిలి నల్లబడటం దాని గుర్తులు. కరోనా తగ్గిన మనిషి "పన్ను కదులుతోంది, పీకేయండి" అని వస్తే, వెంటనే పీకటం వైద్యం కాదు. అనుమానం గుర్తించి, అప్పటి నోడల్ కేంద్రమైన కోఠీ ఇ.ఎన్.టి. ఆసుపత్రికి ఆలస్యం లేకుండా పంపటమే వైద్యం. ఆ గుర్తులు ఇంటివారికి ముందే తెలిస్తే రోగి మరింత త్వరగా బయలుదేరుతాడు.

చివరిగా సొసైటీవారికి మా మనవి. ప్రతి బస్తీకి ఒక యువకుణ్ణో యువతినో ఈ పనికి ఏర్పాటు చేయండి. దగ్గరి వైద్యుల ఫోను నంబర్లు రాసి ఇంటింటికీ ఇవ్వండి. చెప్పిన వైద్యుని పేరు, తేదీ లేని సందేశాన్ని మరొకరికి పంపకండి. ఇంకొక మహమ్మారి రాకూడదనే మనందరి దుఆ. వస్తే మాత్రం పుకారుకన్నా ముందు మన మాట ఇంటికి చేరాలి.

సెలవు. ఖుదా హాఫిజ్.