మన గంప కింద ఏ కోడి?



కోడి మీద కూడా ఉపన్యాసమేందని వెనక కూచున్న తమ్ముళ్ళు నవ్వుతున్నరు. నవ్వండి. కానీ నిజాం కాలంలో అధికారి ఊళ్ళో దిగితే కోడి ఎవరి గంప కింద నుంచి పోయింది? వెట్టి అంటే చాకిరీ ఒక్కటే కాదు, పైస ఇయ్యకుండా మన పెట్టను పట్టుకపోవడం కూడా. భూమి లేని ఇంట్లో ఆడమనిషి చేతికి నేరుగా డబ్బు తెచ్చేది ఈ రోజుకీ కోడే. మన కుండ నీళ్ళు ముట్టనోడు కూడా మన పెట్ట గుడ్డుకు బేరమాడతడు!

అందుకే సబ్సిడీలో ఇస్తున్నరు గదా అని ఏది ఇస్తే అది తెచ్చుకోవద్దు. తెల్ల లెగ్‌హార్న్ గుడ్లు బాగా పెడుతుంది, నిజమే. అది షెడ్డులో, కొన్న దాణా మీద. వాకిట్ల తిరిగితే ఆ తెల్ల రంగే గద్దకు ముందు కనబడుతది. బ్రాయిలర్ మాట ఎత్తనే వద్దు, జాగ ఉన్నోళ్ళ యాపారం అది. పందెపు అసీలు ఏడాదికి 40 గుడ్లు దాటదు. పుంజుకు వేలు పలుకుతయి గానీ, దానికి బాదం పప్పు మేపే ఇండ్లు మనవి కావు.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1988లో మొదలైన కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి కోసమే వనరాజా, గ్రామప్రియ అనే రకాలు తీసింది. రెండూ రంగు కోళ్ళు. గ్రామప్రియ గుడ్లకు మంచిది: ఏడాదిన్నర వయసు లోపల పెరట్లోనే 160 నుంచి 180 పెడుతుంది. గుల్ల పొడి కలపకపోతే గుడ్డు పెంకు పలచబడుతది. వనరాజా గుడ్లు 100, 110. దాని పుంజులు మాంసానికి బాగుంటయి. ప్రేమ కొద్దీ నూకలు ఎక్కువ పోస్తే మాత్రం పెట్టకు కొవ్వు పట్టి గుడ్లు తగ్గుతయి. చెదలు, పురుగులు, గడ్డి ఏరుకు తిననియ్యాలె.

ఇక్కడే ఒక మెలిక ఉన్నది. ఈ కోళ్ళు పొదుగు కూచోవు. వీటి గుడ్లు పిల్లలు చేయించినా ఆ పిల్లలు తల్లి లెక్క పెట్టవు. ప్రతిసారీ కొత్త పిల్లల కోసం మళ్ళీ ఆఫీసు గడపే తొక్కాలె. మన నాటు పెట్ట పెట్టేది 50, 60 గుడ్లే కావచ్చు. కానీ అది తనే పొదుగుతది, పిల్లల్ని రెక్కల కింద కాస్తది, గద్ద నీడ పడితే కూత పెడుతది. విత్తనం మన ఇంట్లనే ఉంటది. అందుకని మేమనేది, గుడ్ల కోసం నాలుగైదు గ్రామప్రియ పెట్టలు తెచ్చుకోండి, నాటు పెట్టలు రెండింటిని మాత్రం అమ్ముకోకండి.

పథకాల్లో ఒక్కరోజు పిల్లల్ని అంటగడితే తీసుకోవద్దు. మొదటి వారాల్లో వాటికి బల్బు వెచ్చదనం కావాలె. మన గుడిసెల్లో రాత్రి కరెంటు పోతే తెల్లారేసరికి కుప్పగా చచ్చిపడి ఉంటయి. ఐదారు వారాలు పెంచి, టీకాలు వేసిన పిల్లల్నే ఇయ్యాలని అడుగుదాం.

ఇక కొక్కెర తెగులు. అది వస్తే వాడంతా ఊడ్చుకపోతది. మన ఇంట్ల పొదిగిన పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్క కంట్లో, నాలుగు వారాలకు మళ్ళీ ఒకసారి, ఎనిమిది వారాలు దాటినంక ఆర్‌టూబీ సూది. మందు సీసా వంద కోళ్ళకు సరిపడా వస్తది, కలిపినంక రెండు గంటలు దాటితే పనికిరాదు. పది కోళ్ళున్న ఇల్లు ఒంటిగా కొనలేదు. ఐసు డబ్బాలో తెచ్చి వాడంతటికీ ఒక్క పొద్దున్నే వేసుకోవాలె. ఎవరింట్ల ఎన్ని కోళ్ళున్నయో ఇవాళే రాసిచ్చి పోండి.