చచ్చిన పిట్టను పారేయకండి



ఈవేళ నేను మాట్లాడబోయేది వంట గురించి కాదు, కుట్టుపని గురించీ కాదు. విషయం వినగానే కొందరు రేడియో కట్టేస్తారేమోనని భయం కూడా ఉంది.

జూలో పులో, సింహమో చనిపోతే పేపర్లో నాలుగు లైన్ల వార్త వస్తుంది. చివర “పోస్టుమార్టం చేసి దహనం చేశారు” అని ఉంటుంది. పోయిన ప్రాణం ఎలాగూ తిరిగి రాదు, ఇంకా దాన్ని కోయడమెందుకు అనిపిస్తుంది మనకు. నన్నడిగితే, ఆ కోత బతికున్న వాటి కోసం. పక్క ఆవరణలో ఉన్న పులి కోసం, దానికి మాంసం వేసే మనిషి కోసం, ఒక్కోసారి మన ఇంటి కోసం కూడాను.

మన విశాఖ జూ 1977లో తెరిచారు. కంబాలకొండ అడవి పక్కనే 625 ఎకరాల్లో ఉంది. అక్కడి డాక్టర్లకున్న పెద్ద చిక్కేమిటంటే, అడవి మృగం జబ్బును దాచుకుంటుంది. నీరసపడినట్టు కనిపిస్తే మరొకటి మీదపడుతుందని దానికి పుట్టుకతో వచ్చిన భయం. కూలబడేదాకా రోగం ఉన్నట్టే తెలియదు. బతికుండగా చెప్పని సంగతి చచ్చాక దాని ఒళ్లే చెప్పాలి.

శవం కనిపించగానే కత్తి పట్టుకుంటారనుకోకండి. ముక్కు నుంచీ నోటి నుంచీ గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతుంటే అసలు కోయరు. అది దొమ్మరోగం కావచ్చు, ఆంత్రాక్స్ అంటారే, అది. చెవి దగ్గర చుక్క నెత్తురు తీసి, గాజుపలక మీద పూసి, మైక్రోస్కోపులో చూస్తారు. ఒళ్లు కోస్తే ఆ సూక్ష్మజీవి గాలి తగిలి గట్టి గింజలా మారి, మట్టిలో ఏళ్ల తరబడి కూర్చుంటుంది. మన మన్యం పల్లెల్లో చచ్చిన పశువు మాంసం తిని ఈ రోగం తెచ్చుకున్నవాళ్లున్నారు.

ఆ అనుమానం లేకపోతే కోసి, గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, మూత్రపిండాలు, మెదడు ఒక్కొక్కటీ చూసి చిన్న చిన్న ముక్కలు తీస్తారు. వాటిని ఫార్మలిన్ అనే మందులో వేస్తారు. ముక్క అర సెంటీమీటరు మందం దాటకూడదు, మందు ముక్కకు పదింతలుండాలి. మాగాయ ముక్క మందంగా తరిగితే ఉప్పు లోపలికి దిగదు కదా, ఇదీ అంతే, నడుమ కుళ్లిపోతుంది. తరువాత ఆ ముక్కను మైనంలో బిగించి, ఉల్లిపొర కంటే పలచగా కోసి, గులాబీ, నీలం రంగులు పట్టించి చూస్తారు. విషం పెట్టారని అనుమానముంటే మాత్రం ఆ ముక్కలు ఫార్మలిన్‌లో వేయరు, మంచులో పెట్టి పంపుతారు. ఏ ముక్క ఎందులో వేయాలో తెలియడమే సగం విద్య.

ఇక ఇది మన గడపలోకి ఎలా వస్తుందో చూడండి. 2018 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గుజరాత్‌లోని గిర్ అడవిలో 23 సింహాలు చనిపోయాయి. మొదట తమలో తాము కొట్లాడుకున్నాయన్నారు. పరీక్షలు చేస్తే కొన్నిటిలో పిడుదుల వల్ల వచ్చే బబేసియా, కొన్నిటిలో కెనైన్ డిస్టెంపర్ అనే వైరస్ కనిపించాయి. పేరులోనే ఉంది, అది కుక్కల జబ్బు. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటీలో ఈ వైరస్సే సుమారు వెయ్యి సింహాలను పొట్టన పెట్టుకుంది. చుట్టుపక్కల పల్లెల కుక్కల నుంచే అడవికి పాకిందని శాస్త్రజ్ఞులు చెప్పారు.

మా ఆనందపురంలో తెల్లవారకుండానే పూల మార్కెట్టు మొదలవుతుంది, జనంతోపాటు కుక్కలూ తిరుగుతుంటాయి. మన ఊళ్లకూ కంబాలకొండకూ మధ్య కుక్క దాటలేని గోడేమీ లేదు. ఆ అడవిలో చిరుతలున్నాయి. “మా టామీకి రేబీస్ సూది వేయించామండీ” అంటారు కొందరు. మంచిదే, కానీ అది వేరు, డిస్టెంపర్ టీకా వేరు. పిల్లకు ఆరు, ఎనిమిది వారాలప్పుడు మొదలుపెట్టి, డాక్టరు చెప్పినన్నిసార్లు వేయించాలి.

రాబందుల సంగతీ ఇలాగే తేలింది. వేలకు వేలు ఎందుకు రాలిపోతున్నాయో ఎవరికీ అంతుబట్టలేదు. పాకిస్తాన్‌లో చచ్చిన రాబందులను కోసి చూస్తే, లోపలి అవయవాల మీద ముగ్గుపిండి చల్లినట్టు తెల్లటి పూత కనిపించింది. మూత్రపిండాలు పాడై పేరుకున్న యూరిక్ ఆమ్లం అది. పశువులకు నొప్పి తగ్గాలని వేసిన డైక్లోఫెనాక్, ఆ కళేబరాలు తిన్న పక్షులను చంపిందని 2004లో ప్రకటించారు. పశువులకు ఆ మందు వాడకుండా మన దేశం 2006లో నిషేధించింది. మన మందుల డబ్బాలో ఉండే నొప్పి మాత్రల్లో అదీ ఒకటి. మనుషుల మందే కదా అని ఆవుకు పొడిపించకండి.

ఇప్పుడు పంజరాల దగ్గరికి వద్దాం. రామచిలుకను ఇంట్లో పెంచడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, అది ముందే చెప్పేస్తున్నాను. లవ్‌బర్డ్స్ పెంచుకునేవాళ్లు వంటింటికి దూరంగా ఉంచండి. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా పొయ్యి మీద మరచిపోతే, బాగా కాలి దాని పూత నుంచి వచ్చే ఆవిరి మనకు దగ్గు తెప్పిస్తుందేమో గానీ, పిట్టను నిమిషాల్లో చంపుతుంది. కోసి చూస్తే ఊపిరితిత్తులు నెత్తుటితో తడిసి ఉంటాయి. అది తెలియక దిష్టి తగిలిందనుకుంటాం.

ఉన్నట్టుండి పిట్ట చనిపోతే చెత్తకుండీలో వేయకండి. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని, చేతికి తొడుగు వేసుకుని, ఈకలను సబ్బునీటితో తడపండి. అలా చేస్తే దుమ్ము రేగదు, ఒళ్లూ త్వరగా చల్లబడుతుంది. రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, మూతబిగిసిన డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచండి. పై మంచుగదిలో వద్దు, గడ్డకడితే మైక్రోస్కోపుకు పనికిరాదు. “పాలగిన్నె పక్కనా!” అని అత్తగారు కేకలేస్తే ఐసుముక్కలు వేసిన థర్మోకోల్ పెట్టె చాలు. మన విశాఖ ఎండకు నాలుగు గంటలాగినా కష్టమే, ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒకేసారి చాలా పక్షులు చస్తే మాత్రం ముట్టుకోవద్దు, బర్డ్ ఫ్లూ కావచ్చు, పశుసంవర్ధక శాఖవారికి కబురు చేయండి.

వెళ్లేటప్పుడు అది ఏం తింది, కొత్త పిట్టను ఎప్పుడు తెచ్చారు, ఆ పూట పొయ్యి మీద ఏముంది, ఇవి ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. డాక్టరు మొదట అడిగేవి అవే.