సవర పలుకు నేర్చిన చరిత్రోపాధ్యాయుడు



నంది కొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని కెలవరపల్లి జలాశయాన్ని నింపి, కృష్ణగిరి దాటి, కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ ఏటి ఒడ్డున ఒకే వీధిలో తెలుగు, తమిళం, కన్నడం వినిపించడం ఎవరికీ వింత కాదు. ఇంట ఒక మాట, అంగట్లో ఒక మాట, బడిలో మరొక మాట. పసిబిడ్డ చేత మొదటి అక్షరం ఏ భాషలో దిద్దించాలన్నది హోసూరు ప్రాంతపు తెలుగు ఇళ్ళలో పాత ప్రశ్న. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక అది మళ్ళీ ముందుకు వచ్చింది. అయితే ఈ ప్రశ్నను నూరేళ్ళకు పైబడిన కాలంలోనే, తనది కాని ఒక జాతి పక్షాన, తన నెత్తికెత్తుకున్న చరిత్రోపాధ్యాయుడు ఒకరున్నారు. ఆయన గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు.

ఆయన పేరు వినగానే వ్యావహారిక భాషోద్యమం స్ఫురిస్తుంది. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకోవడమూ అందుకే. ఆ కథ ఏటా చెప్పుకునేదే గనుక దానిని ఇక్కడ పక్కన ఉంచవచ్చు. దానికంటె ముందు మొదలై, దానికంటె తక్కువగా తెలిసిన పని మరొకటి ఉన్నది.

రామమూర్తి గారు 1863లో శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. చిన్ననాటనే తండ్రి గతించారు. విజయనగరంలో చదువుకున్నారు; గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్ఫై రూపాయల జీతానికి చరిత్ర బోధించే కొలువు దొరికింది. కొలువు చేస్తూనే ప్రైవేటుగా చదివి, 1896లో చరిత్ర ప్రధానాంశంగా పట్టభద్రులైనారు. పాఠశాల కళాశాల అయిన తరువాత పై తరగతులకూ పాఠం చెప్పారు.

చరిత్రను పుస్తకంలో చదివి పుస్తకంలాగే అప్పజెప్పే ఉపాధ్యాయుడు కాదాయన. ముఖలింగం ఆలయాలలోని శాసనాలను చదవడానికి పాతలిపులు స్వయంగా నేర్చుకున్నారు. తూర్పు గాంగరాజు వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాలను పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించారు. కళింగరాజుల రాజధాని ఎక్కడిదన్న చర్చలో ముఖలింగం పక్షాన వాదించారు. ఇంతవరకు ఏ చరిత్రకారుడైనా చేయదగిన పనే.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. ఐతరేయ బ్రాహ్మణం నాటికే శబరుల పేరు గ్రంథాలకెక్కింది. రాజుల శాసనాలు రాగిరేకుల మీద నిలిచాయి. ఈ జాతి నోటిమాటకు మాత్రం లిపి లేదు, బడి లేదు. తమ భాష తెలియని వ్యాపారితోను, ఉద్యోగితోను వారు వ్యవహరించాలి. రాగిరేకును చదవగలిగిన మనిషి పొరుగు కొండవాని మాట వినలేకపోవడం రామమూర్తి గారికి చరిత్రలో పెద్ద లోపంగా తోచి ఉండాలి.

తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక మనిషిని తన ఇంటనే ఉంచుకొని ఆయన ఆ భాష నేర్చుకున్నారు. అది తెలుగువానికి సులభమైన భాష కాదు. ముండా కుటుంబానికి చెందినది. తెలుగుతో చుట్టరికం లేదు. గొంతులో గాలిని క్షణకాలం బిగబట్టి విడిచే ధ్వని అందులో ఉన్నది. దానికి మన వర్ణమాలలో అక్షరమే లేదు. క్రియలో నామం ఇమిడిపోయి, ఒక వాక్యమంత అర్థం ఒక్క పదంలో వస్తుంది. నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. విన్నది రాసుకోవడం, మళ్ళీ అడగడం, తప్పు దిద్దుకోవడం. ఇలా ముప్ఫై ఏళ్ళకు పైగా గడిచింది. కొండలలో తిరిగినందుకు చలిజ్వరం పట్టుకున్నది. దానికి వాడిన క్వినైను ఆయన వినికిడిని దెబ్బతీసింది. చెవినే నమ్ముకొని పనిచేసే మనిషికి ఆ నష్టం ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

నేర్చుకున్నది ఆయన తన వద్దనే దాచుకోలేదు. సవర పిల్లల కోసం సవర భాషలోనే, తెలుగు లిపిలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలు తానే ఇచ్చారు. ఉపాధ్యాయుని జీతం ఎంతో, అందులో ఇల్లు గడవడం ఎట్లాగో ఎరిగిన ఉపాధ్యాయులు ఈ సభలో ఉన్నారు గనుక ఈ మాట బరువు వారికి తెలుస్తుంది. మద్రాసు ప్రభుత్వం మెచ్చి పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు ఒక బడి పెట్టమని కోరారు. 1911లో ఉద్యోగ విరమణ చేశారు గాని ఈ పని విరమించలేదు. ప్రభుత్వం ఆయన సవర వ్యాకరణాన్ని 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువును 1938లోను అచ్చువేసింది. కైజర్-ఇ-హింద్ పతకం, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారి కళాప్రపూర్ణ బిరుదు ఆ చివరి సంవత్సరాలలో వచ్చినవే.

ఈ గౌరవాల నడుమనే మరొకటి జరిగింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. తెలుగువారు అధికంగా ఉన్న ఆ పట్టణాన్ని అట్లా చేర్చడం ఆయనకు సమ్మతం కాలేదు. యాభై అయిదేళ్ళకు పైగా బ్రతికిన ఊరిని డెబ్బై రెండేళ్ళ వయసులో విడిచి రాజమహేంద్రవరం చేరారు. అన్యభాషీయుల బిడ్డలకు మాతృభాషలో బడి కావాలని పాటుపడిన మనిషి, తాను కదలకుండానే తన ఊళ్ళో అల్పసంఖ్యాకుడైనాడు. 1956లో రాష్ట్రాల పునర్విభజన నాడు మద్రాసు రాష్ట్రంలోనే నిలిచిన హోసూరు తెలుగువారికి ఈ స్థితిని వివరించి చెప్పవలసిన పని లేదు. ఆయన వెళ్ళిపోయారు, ఇక్కడివారు ఉండిపోయారు. ఏది ఉచితమన్నది తీర్పు చెప్పదగిన విషయం కాదు. కాని ఉండిపోయినవారి పని ఆయన సవర కొండలలో చేసిన పనికే దగ్గరగా ఉంటుంది: పొరుగువాని భాష నేర్చుకోవడం, తన బిడ్డకు తన భాష నేర్పడం, ఒకదాని కోసం రెండవదాన్ని వదులుకోకపోవడం.

అదే 1936లో మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు ‘సొరాంగ్ సొంపెంగ్’ అనే లిపిని రూపొందించారు. తెలుగు లిపిలో మొదలైన సవర అక్షరాభ్యాసానికి సవరల చేతనే సొంత అక్షరాలు సమకూడాయి. రామమూర్తి గారు 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు. ఆయన వెంట సవర భాషను అభ్యసించిన కుమారుడు సీతాపతి గారు సవరలను గూర్చిన పరిశోధనను ఆ తరువాత కొనసాగించారు.