అయోనా ద్వీపములో ఒక వాన దినము
(శతజయంతి సభలో చేసిన ప్రసంగ పాఠము)



శతజయంతి సభలో మిషనెరీ దొరల చరిత్ర చెప్పుకోవడము మన వాడుక. ఆ పని మాకన్న బాగా చేయగల పెద్దలు ఇక్కడ ఉన్నారు గనుక మమ్మల్ని స్కాట్లండు యాత్రను గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మన డయాసిస్ నుండి వెళ్ళినవారము తొమ్మిది మందిమి. ముగ్గురు గురువులు, వారిలో ఒకరు డెబ్బై దాటిన రిటైర్డు అయ్యగారు. ఇద్దరు టీచరమ్మలు, ఒక నర్సమ్మ, ముగ్గురు యౌవనులు. ఎడింబరో కోట, గ్లాస్గో కెతీడ్రలు చూచాము. బాగున్నాయి. వాటి సంగతి పుస్తకాలలో దొరుకుతుంది. మేము చెప్పదలచినది అయోనా ద్వీపములో గడిపిన ఒక్క దినమును గురించే. ఆ దినమంతా వానే.

అయోనా స్కాట్లండుకు పడమటి దిక్కున ఉన్నది. ఓబన్ రేవులో ఓడ ఎక్కి ముందు మల్ అనే పెద్ద ద్వీపము చేరాలి. దానిని ఈ కొసనుండి ఆ కొసకు బస్సులో దాటాలి, సుమారు 60 కిలోమీటర్లు. దారి చాలా మేరకు ఒక్క బండి పట్టేంతే. ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు ప్రక్కకు ఆగుతారు, ఒకరికొకరు చెయ్యెత్తి పలకరించుకుంటారు. హారను మాటే లేదు. మన యౌవనులకు ఇదే మొదటి ఆశ్చర్యము! ఆ చివర ఫినఫర్టు రేవునుండి చిన్న ఫెర్రీ పది నిమిషాలలో అయోనా చేరుస్తుంది. ద్వీపము పొడవు ఇంచుమించు 5 కిలోమీటర్లు, వెడల్పు 2.5. కాపురమున్నవారు రెండు వందలలోపే. యాత్రికులు కార్లు తీసుకుపోరాదు. కనుక అందరికీ నడకే గతి.

సాయంత్రము చేరి అక్కడే బస చేశాము. మర్నాడు ఉదయము కిటికీ తెర తీస్తే ఎదుటనున్న మల్ ద్వీపము కనబడలేదు. అక్కడి వాన మన వానవంటిది కాదు. మన తుఫాను వాన కొట్టి పోతుంది. మన ముసురు రోజుల తరబడి పట్టినా నిదానముగా పడుతుంది. ఇదైతే ముసురువలె పట్టినది, ఈదురుగాలితో అడ్డంగా వచ్చి ముఖము మీద కొట్టినది. పది నిమిషాలలో మా గొడుగులన్నీ వెనుదిరిగి చువ్వలు తేలాయి. అమ్మగార్లు చీర కుచ్చెళ్ళు ఎగదోపి, పైన రెయిన్‌కోటు, క్రింద రబ్బరు బూట్లు తొడిగి బయలుదేరారు. వరినాట్లకు పోతున్నట్లున్నామని వారే నవ్వుకున్నారు.

మొదట ఆబీకి, అనగా పూర్వము సన్యాసులుండిన మఠమునకు వెళ్ళాము. ఐర్లాండు రాజవంశీకుడైన కొలంబా 563లో పన్నెండుమంది సహచరులతో ఈ ద్వీపానికి వచ్చాడని చరిత్ర. అయితే ఇప్పుడు కనిపించే రాతి మఠము ఆయన కట్టినది కాదు. అది 1200 ప్రాంతములో బెనెడిక్టు సన్యాసులకొరకు కట్టినది. కొలంబా నాటి కట్టడాలు కొయ్యవి, తడికెలవి. వాటిలో ఏదీ నిలువలేదు. మఠము ముందర మార్టిను పేరిట ఒక రాతి సిలువ ఉన్నది. 8వ శతాబ్దములో నిలిపినచోటనే నేటికీ ఉన్నది. తల్లి ఒడిలో శిశువు, సింహాల మధ్య దానియేలు, ఇస్సాకుమీద కత్తి ఎత్తిన అబ్రాహాము, వీణెతో దావీదు దానిమీద చెక్కియున్నారు. పన్నెండు వందల ఏండ్ల వాన దానిమీద పడినది. తడిసిన రాయిమీద ఆ బొమ్మలు మరీ స్పష్టముగా తేలాయని నర్సమ్మగారు అన్నారు. మేము మాత్రము చలికి అక్కడ ఎక్కువసేపు నిలువలేకపోయాము.

దాని ఎదుటనే చిన్న రాతి దిబ్బ ఉన్నది. యాత్రికులు చాలామంది దానిని చూడకుండానే పోతారు. కొలంబా వ్రాతపని చేసుకున్న గుడిసె ఆ దిబ్బమీద ఉండేదని పూర్వమునుండి చెప్పుకుంటారు. 1957లో చార్లెస్ థామస్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు అక్కడ త్రవ్వగా కాలిన తడికె పుల్లలు దొరికాయి. కాలము లెక్కకట్టే విధానము అప్పటికి ఇంకా బాగా సాగలేదు. ఆయన ఆ బొగ్గులను అగ్గిపెట్టెలలో పెట్టి తన కారు షెడ్డులో దాచాడు. వాటిని తరువాత పరీక్షించి, అవి 540కి 650కి మధ్య కాలమువని 2017లో గ్లాస్గో విశ్వవిద్యాలయమువారు ప్రకటించారు. అంటే కొలంబా కాలమే. ఆయన 597లో మరణించాడు. ఆ చివరి దినాన 34వ కీర్తనకు నకలు వ్రాస్తూ పదవ వచనము దగ్గర ఆపి, మిగిలినది బైతేన్ వ్రాస్తాడని చెప్పినట్లు ఆయన జీవిత చరిత్ర వ్రాసిన అడోమ్నాన్ చెప్పాడు. తడికె గోడ అనగానే మా రిటైర్డు అయ్యగారు, “మన మొదటి గుళ్ళు కూడా తడికెలూ తాటాకులే కదయ్యా, మన బొగ్గులు ఎవరి అగ్గిపెట్టెలో ఉన్నవో!” అన్నారు. అందరమూ నవ్వాము.

ఆ తరువాతి చరిత్ర క్లుప్తముగా చెప్తాము. 806లో వైకింగు దోపిడీదారులు 68 మంది సన్యాసులను చంపారు. 1560 సంస్కరణ తరువాత మఠము పాడుబడి కప్పు లేకుండా మొండిగోడలై నిలిచినది. 1899లో ఆర్గైల్ ప్రభువు ఆ శిథిలాలను ఒక ట్రస్టుకు ఇస్తూ, అన్ని క్రైస్తవ శాఖలవారూ అక్కడ ఆరాధించవచ్చునని షరతు పెట్టాడు. 1947లో నాలుగు శాఖలు కలిసి ఏర్పడిన సంఘానికి చెందిన మాకు ఆ షరతు విని సంతోషమైనది. 1910 నాటికి గుడి బాగుపడినది గాని చుట్టూ ఉన్న మఠము గదులు శిథిలముగానే ఉండిపోయాయి. 1938లో జార్జి మాక్లౌడ్ అనే పాదిరిగారు గ్లాస్గోలో పనిలేక కూర్చున్న తాపీవారిని, వడ్రంగులను, చదువు ముగించిన యువ గురువులను కలిపి తీసుకువచ్చి ఆ గదులు కట్టనారంభించారు. పని 1965లో పూర్తియైనది. వేదాంతము చదివినవారు పనివారి చేతిక్రింద రాళ్ళు మోశారు. మన వేదాంత కళాశాలలలో ఇది ఒక పాఠముగా పెట్టవచ్చునని మా అభిప్రాయము.

మధ్యాహ్నము రొట్టె, వేడి సూపు త్రాగి దక్షిణపు కొసకు నడక మొదలుపెట్టాము. కొలంబా పడవ దిగినచోటని చెప్పే చిన్న అఖాతము అక్కడ ఉన్నది. పడమటి ఒడ్డున పచ్చిక మైదానము దాటాము. అక్కడ గొఱ్ఱెల మధ్యనే గోల్ఫు ఆడతారట! ఆ మైదానము దాటగానే దారి కొండమీదికి ఎక్కి బురదనేలలో పడినది. అడుగు వేస్తే బూటు సగము దిగుతుంది, తీస్తే చప్పుడవుతుంది. ఒక చిన్న చెరువు దగ్గర ఆగి తర్జనభర్జన పడ్డాము. ఫెర్రీ గాలికి ఆగిపోవచ్చునని రేవులో చెప్పుకుంటున్నారు. అయ్యగారి మోకాళ్ళు బాగులేవు. వెనుకకు పోదామని సగముమంది, పోవద్దని సగముమంది. చివరకు అయ్యగారే, “మా తాత ఉపదేశి. ఆదివారానికి ఐదు ఊళ్ళు నడిచేవాడు, వాగు పొంగితే ఈదేవాడు. మీరు నాకొరకు ఆగవద్దు, నేనే మీకొరకు ఆగుతాను” అని ముందు నడిచారు. ఇక మాకు మాట ఏమున్నది?

ఆ అఖాతములో ఇసుక తక్కువ, గులకరాళ్ళు ఎక్కువ. వానలో తడిసి ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు రంగులలో మెరిశాయి. యాత్రికులు ఒక రాయిని, తాము విడిచిపెట్టదలచినదానికి గురుతుగా, సముద్రములో వేస్తారు. మేమూ వేశాము. ఎవరు ఏమి విడిచారో అడగలేదు. అక్కడనుండి ఐర్లాండు కనిపించదని కొలంబా నిశ్చయించుకున్న తరువాతనే ఆగాడని ఐతిహ్యము. సొంత దేశము కనిపిస్తే మనస్సు అక్కడికే లాగుతుందని కాబోలు.

ఒక బండచాటున వాన తగలకుండా నిలిచినప్పుడు మా గురువులలో ఒకరు ఎయిడను కథ చెప్పారు. బీడ్ అనే చరిత్రకారుడు 731లో ముగించిన గ్రంథములో అది ఉన్నది. నార్తంబ్రియా రాజైన ఆస్వాల్డు తన ప్రజలకు బోధకుని పంపమని అయోనావారిని అడిగాడు. మొదట వెళ్ళినవాడు కఠినుడు. ఆ జనము మొండివారు, ఏమీ వినరు అని తిరిగి వచ్చి చెప్పాడు. అప్పుడు సభలో ఎయిడను లేచి, నేర్వనివారికి మొదట పాలు పెట్టక గట్టి ఆహారము పెట్టావు అన్నాడు. వెంటనే అందరూ ఆయననే పంపారు. అది 635. ఆయనకు ఆ దేశపు ఇంగ్లీషు బాగా రాదు. ఆయన బోధిస్తుంటే రాజే ప్రక్కన నిలిచి తన అధికారులకు తర్జుమా చేసేవాడు. ప్రవాసములో ఐరిషు భాష నేర్చుకున్నవాడు గనుక అది సాధ్యమైనది. ఆ తరువాతి రాజు మంచి గుఱ్ఱమిస్తే ఎయిడను దానిని దారిలో బిచ్చగానికి ఇచ్చివేశాడు. ఊరూరా నడిచే వెళ్ళేవాడు, దారిలో కనబడినవారితో మాటలాడటానికి.

తిరిగి వస్తుండగా దారిపొడుగునా ఇదే చర్చ. దుబాసీగా నిలిచినవాడు రాజు గనుక ఆయన పేరు మిగిలినది. మన దేశములో దొరలకు తెలుగు నేర్పిన మున్షీలెవరు? సంతలో వారి ప్రసంగమును తిరిగి చెప్పిన దుబాసీలెవరు? గోషా ఇండ్లలోకి వెళ్ళిన బైబిలు స్త్రీల పేర్లేమిటి? ఈ శతజయంతి ప్రత్యేక సంచికలో మిషనెరీల ఫోటోలు ఎన్నో ఉన్నాయి, ఉండవలసినవే. ఉపదేశుల జాబితా మాత్రము ఒక్క పేజీ లేదు. చీకటి పడకముందే బస చేరాము. బూట్లలో నీళ్ళు ఒంపుకున్నాము. అయ్యగారి మోకాళ్ళకు నర్సమ్మగారు కాపడము పెట్టారు. ఫెర్రీ ఆ సాయంత్రము నిజముగానే ఆగిపోయింది, మేము ఎక్కవలసినది మర్నాడు గనుక ఇబ్బంది లేకపోయింది.

అయ్యగారు ఆ రాత్రే తమ తాతగారితో పనిచేసిన పదకొండుమంది ఉపదేశుల పేర్లు జ్ఞాపకము చేసికొని మా డైరీలో వ్రాయించారు. నలుగురి ఊళ్ళు కూడా చెప్పగలిగారు. ఆ కాగితము ఈ దినము సెక్రెటరీ గారికి అందజేస్తున్నాము. మిగిలిన పాస్టరేటులవారు చెదలు తినకముందే తమ బాప్తిస్మపు రిజిస్టర్లు, సమాధుల రిజిస్టర్లు తీసి, ఎనభై దాటిన పెద్దలను అడిగి, పేర్లు వ్రాసి పంపవలెనని మనవి. అనుబంధముగా అచ్చువేయడానికి ప్రెస్సువారు క్రిస్మసు వరకు గడువిచ్చారు.