ఆగిన మెషీన్ వేరు, శక్తి లేని మెషీన్ వేరు

సికింద్రాబాద్‌లోని లాలాగూడ రైల్వే వర్క్‌షాపు 1893లో, నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కాలంలో మొదలైంది. ఇవాళ్టికీ ప్యాసింజర్ బోగీలు అక్కడికి వచ్చి, భాగాలు భాగాలుగా విప్పించుకుని, బాగుపడి మళ్లీ పట్టాలెక్కుతున్నాయి. 1943లో ప్రాగా టూల్స్ అనే మెషీన్ టూల్స్ కంపెనీ పుట్టింది కూడా సికింద్రాబాద్‌లోనే. రాణిగంజ్ గల్లీల్లోకి వెళితే బేరింగులు, వీ-బెల్టులు, పంపులు, మోటార్లు వరుసగా షాపుల నిండా కనిపిస్తాయి. మెషీన్లను బాగుచేసే పని ఈ ఊరికి నాలుగైదు తరాల పని. 2024 చివర్లో దక్షిణ మధ్య రైల్వే 4,232 అప్రెంటిస్ స్థానాలకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు వాటిలో పెద్ద వాటా ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ ట్రేడులదే. అంటే మెయింటెనెన్స్ పనిలోకి అడుగుపెట్టే కుర్రాళ్లు, అమ్మాయిలు మన చుట్టూ వేలల్లో ఉన్నారు. బేరింగ్ ఎలా లాగాలి, షాఫ్ట్ అలైన్‌మెంట్ ఎలా చూడాలి, మోటార్ వైండింగ్ కాలిందో లేదో ఎలా పసిగట్టాలి అని వాళ్లు అడుగుతారు. అవన్నీ నేర్చుకోవాల్సినవే. కానీ వాటన్నిటికంటే ముందు రావాల్సిన నైపుణ్యం ఒకటుంది: ఒక మెషీన్‌లోంచి శక్తిని పూర్తిగా తీసేసి, అది తిరిగి రాకుండా కట్టడి చేసి, నిజంగానే పోయిందని చేత్తో ముట్టుకునే ముందే రుజువు చేసుకోవడం. దీన్ని భద్రత పాఠం అని పక్కన పెడుతున్నాం. ఇది భద్రత పాఠం కాదు, మెయింటెనెన్స్ పనిలో మొదటి పాఠం అన్నది నా వాదన.

ఎందుకో చూద్దాం. మీ ముందు ఒక పంపు ఉంది. ఎర్ర బటన్ నొక్కారు, ఆగింది. ఆ బటన్ ఆపింది దేన్ని? కంట్రోల్ సర్క్యూట్‌ను. దాంతో కాంటాక్టర్ కాయిల్ వదిలేసింది, మోటార్‌కు సప్లై తెగింది. కానీ 415 వోల్టుల త్రీఫేజ్ కరెంటు ఆ ప్యానెల్ లోపలిదాకా వచ్చి కాంటాక్టర్ ముందే నిలబడి ఉంది. ఆ పంపు ఫ్లోట్ స్విచ్ మీద, ఆటో మోడ్‌లో ఉందనుకోండి. ట్యాంకులో నీళ్లు తగ్గగానే అది దానంతటదే మొదలవుతుంది. కప్లింగ్ మీద మీ చెయ్యి ఉందో లేదో దానికి తెలియదు. ఇక స్పీడు మార్చే డ్రైవ్ ఉన్న మోటారైతే మెయిన్ ఆఫ్ చేసిన తర్వాత కూడా డ్రైవ్ లోపలి కెపాసిటర్లలో సుమారు 580 వోల్టుల డీసీ నిలిచి ఉంటుంది. అది తగ్గడానికి ఎన్ని నిమిషాలు ఆగాలో డ్రైవ్ మూత మీదే రాసి ఉంటుంది. చదివేవాళ్లే తక్కువ. గాలితో నడిచే సిలిండర్ సంగతి చూడండి. బోర్ 100 మిల్లీమీటర్లు, లైన్‌లో గాలి 6 బార్. లెక్క కడితే దాదాపు 480 కిలోల బరువుకు సమానమైన తోపు. కంప్రెసర్ ఆపేసినా గొట్టంలో, రిజర్వాయర్‌లో ఆ గాలి అలాగే ఉంటుంది. ఇరుక్కున్న ముక్కను మీరు లాగేయగానే సిలిండర్ ఒక్కసారిగా ముందుకొస్తుంది. పైకెత్తి నిలిపిన ప్రెస్ ర్యామ్, నొక్కిపెట్టిన స్ప్రింగ్, స్విచ్ వేశాక కూడా తిరుగుతూనే ఉన్న గ్రైండర్ చక్రం, వేడిగా ఉన్న స్టీమ్ లైన్, ఇవన్నీ ఆగిన మెషీన్లే. వీటిలో ఒక్కటీ శక్తి పోయిన మెషీన్ కాదు.

ఇదేదో విదేశీ కంపెనీల పద్ధతి, మన దగ్గర నడవదు అనేవాళ్లున్నారు. మన దగ్గర ఇది ఎప్పటినుంచో నడుస్తోంది. ఏ లైన్‌మన్‌నైనా అడగండి, స్తంభం ఎక్కే ముందు ‘ఎల్‌సీ తీసుకున్నావా’ అనే మాట మొదట వస్తుంది. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. ఫలానా ఫీడర్ ఆపాం, నువ్వు తిరిగి అప్పగించేదాకా వేయం అని సబ్‌స్టేషన్ ఇచ్చే మాట అది. రైల్వేలో పట్టాల మీది 25,000 వోల్టుల తీగ దగ్గర పని చేయాలంటే పవర్ బ్లాక్ కావాలి, రాతపూర్వకంగా పర్మిట్ కావాలి. సప్లై తీసేశాక కూడా పనిచేసే చోటుకు రెండు వైపులా డిశ్చార్జ్ రాడ్లు తగిలించి తీగను భూమికి కలుపుతారు. కరెంటు లేని తీగకు ఇదంతా ఎందుకు? పక్క లైన్‌లో పారే కరెంటు వల్ల, ఆపిన తీగలో కూడా మనిషిని చంపగలిగేంత వోల్టేజీ పుట్టుకొస్తుంది కాబట్టి. బోగీ కింద మనిషి పనిచేస్తుంటే ఆ లైన్‌కు ఎర్ర జెండా పెడతారు, మరో ఇంజిన్ ఆ పట్టాల మీదికి రాకుండా పాయింట్లకు తాళం వేసి, ఆ చెవి పనిచేయించేవాళ్ల దగ్గరే ఉంచుకుంటారు. ఆపు, అడ్డుకట్ట వెయ్యి, చెవి నీ దగ్గర పెట్టుకో, మిగిలింది వదిలించు, పరీక్షించు. సికింద్రాబాద్ స్టేషన్ పరిసరాల్లో ఇది రోజూ జరిగే పని. అక్కడికి నాలుగు కిలోమీటర్ల అవతలి చిన్న వర్క్‌షాపులో మాత్రం ఫ్యూజు పీకి జేబులో వేసుకోవడమే పెద్ద జాగ్రత్తగా చెలామణి అవుతోంది.

మెషీన్ ఆగి ఉందన్న నమ్మకం ఎంత ఖరీదైనదో తెలుగు నేల మీద 2020 మే 7 తెల్లవారుజామున తేలిపోయింది. విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటు లాక్‌డౌన్ వల్ల ఆగి ఉంది. ఉత్పత్తి లేదు, మెషీన్లు తిరగడం లేదు. కానీ ట్యాంకులో స్టైరీన్ ఉంది. అది తనలో తానే చర్య జరుపుకుని వేడి పుట్టించగల ద్రవం. దాన్ని చల్లగా ఉంచాలి, కలుపుతూ ఉండాలి, చర్యను ఆపే రసాయనం తగినంత ఉందో లేదో చూస్తూ ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఆ జులైలో ఇచ్చిన నివేదికలో ఏం తేలింది? ఉష్ణోగ్రత కొలిచే పరికరం ట్యాంకు అడుగుభాగంలో ఉంది, పైభాగంలో వేడెక్కుతున్నది దానికి తెలియలేదు. చల్లబరిచే వ్యవస్థను 24 గంటలూ నడపలేదు. ఆపాల్సిన రసాయనం నిల్వ లేదు. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. దీన్ని చాలామంది రసాయన ప్రమాదంగానే చూస్తారు. నాకు ఇందులో మెయింటెనెన్స్ కనిపిస్తుంది. మీటర్ చూపే అంకె నిజమే కావచ్చు, కానీ అది ఎక్కడి అంకె అన్న ప్రశ్న మెయింటెనెన్స్ మనిషి వేయాల్సినది. ఆగి ఉన్న ప్లాంటులో ఇంకా ఏ శక్తి మిగిలి ఉందన్న ప్రశ్న కూడా అతనిదే.

ఇప్పుడు పద్ధతిలోకి వద్దాం. పని మొదలుపెట్టే ముందు ఆ మెషీన్‌కు ఎన్ని దారుల్లో శక్తి వస్తోందో కాగితం మీద గీసుకోండి. కరెంటు, గాలి, హైడ్రాలిక్ ఆయిల్, ఆవిరి, బరువు. జనరేటర్ నుంచో ఇన్వర్టర్ నుంచో వెనక్కి వచ్చే సప్లైని మర్చిపోకండి, మన దగ్గర చాలామందిని కాటేసింది అదే. తర్వాత మెషీన్‌ను మామూలుగా ఆపి, ఐసోలేటర్‌ను ఆఫ్ చేసి, దానికి తాళం వేసి, చెవి మీ జేబులో పెట్టుకోండి. నలుగురు పనిచేస్తుంటే నాలుగు తాళాలు పడాలి. ఒక తాళం నలుగురిది కాదు, ఎవరి ప్రాణానికి వాళ్ల తాళం. పేరు, తేదీ, కారణం రాసిన ట్యాగ్ వేలాడదీయండి. గాలి వాల్వు మూసి, మిగిలిన గాలిని వదిలేయండి. పైకెత్తిన భాగం కింద స్టాండు పెట్టండి. జాకీని మాత్రం నమ్మకండి, అది ఎత్తడానికే తప్ప మోయడానికి కాదు. చివరగా టెస్టర్. ఇక్కడ చాలామంది ఒక మెట్టు ఎగ్గొడతారు. టెస్టర్‌ను ముందు కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన చోట పెట్టి అది పనిచేస్తోందని చూసుకోవాలి. ఆ తర్వాత మీరు ముట్టుకోబోయే చోట ఫేజుకు ఫేజుకు మధ్య, ఫేజుకు భూమికి మధ్య చూడాలి. అయ్యాక మళ్లీ కరెంటు ఉన్న చోటికి వెళ్లి చూడాలి. మధ్యలో టెస్టర్ చెడిపోయి ఉంటే అది చూపిన సున్నాకు విలువ లేదు. ఇదంతా అయ్యాక స్టార్ట్ బటన్ నొక్కి చూడండి. మెషీన్ కదలకూడదు. బటన్‌ను మళ్లీ ఆఫ్‌లో పెట్టి అప్పుడు స్పానర్ తీయండి.

రెండు నిమిషాల పనికి ఇరవై నిమిషాల తతంగమా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, ఎందుకంటే లైన్ ఆగితే నష్టం నిజమైనది, సూపర్‌వైజర్ మీద ఒత్తిడి నిజమైనది. కానీ ఆ ఇరవై నిమిషాల్లో ఎక్కువ భాగం వెతుకులాటకే పోతుంది: ఏ ఐసోలేటర్ దేనిది, ఏ వాల్వు ఎక్కడుంది అని. ఒక్కసారి ప్రతి మెషీన్‌కూ శక్తి దారుల బొమ్మ గీసి పక్కనే అతికిస్తే ఆ సమయం సగానికి పైగా తగ్గుతుంది. అదే బొమ్మ బ్రేక్‌డౌన్ వచ్చినప్పుడు లోపం వెతకడానికీ పనికొస్తుంది. అందుకే ఇది మెయింటెనెన్స్ నైపుణ్యం అంటున్నాను. శక్తి ఎటు నుంచి వస్తుందో తెలిసినవాడే లోపాన్ని కూడా త్వరగా పట్టుకుంటాడు.

మేం ఒకరికొకరం చెప్పుకుంటాం, తాళాలెందుకు అన్నది ఇంకో మాట. 1988 జులై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు ప్లాట్‌ఫాం మీద జరిగింది ఇదే. మరమ్మతు కోసం ఒక పంపు సేఫ్టీ వాల్వు తీసి, ఆ స్థానంలో ఒక మూత బిగించారు. ఆ సంగతి రాసిన పర్మిట్ కాగితం ఉంది. కానీ షిఫ్టు మారినప్పుడు ఆ కబురు రాత్రి షిఫ్టు దాకా చేరలేదు. రెండో పంపు ఆగిపోవడంతో వాళ్లు మొదటి పంపును నడిపారు. 167 మంది చనిపోయారు. చెప్పినవాళ్లు, రాసినవాళ్లు ఉన్నా సరిపోలేదు. స్విచ్ దగ్గరికి వచ్చిన మనిషి చేతికి అడ్డంగా ఒక వస్తువు ఉండాలి. మన చట్టానికీ ఇది ఎప్పుడో తెలుసు. 1948 ఫ్యాక్టరీల చట్టం 24వ సెక్షన్‌లోనే, పొరపాటున ఆఫ్ నుంచి ఆన్‌కు జారే అవకాశమున్న పరికరాన్ని ఆఫ్‌లో తాళం వేసే ఏర్పాటు ఉండాలని రాశారు.

ముప్పై ఏళ్లుగా తాళాలు లేకుండానే చేస్తున్నాం, ఏమీ కాలేదు అనే సీనియర్ల మాటను నేను తేలిగ్గా తీసుకోను. వాళ్ల చేతి నేర్పు, చెవి నేర్పు గొప్పవి. మోటార్ మోత విని బేరింగ్ సంగతి చెప్పగలరు. కానీ ఆ నేర్పు మెషీన్ ఎలా ప్రవర్తిస్తుందో చెబుతుంది. దూరంగా ఉన్న ఇంకో మనిషి ఎప్పుడు స్విచ్ వేస్తాడో చెప్పలేదు. పైగా ఆ మాట చెప్పడానికి మిగిలినవాళ్లే చెబుతున్నారు, వేళ్లు పోయి పని మానేసినవాళ్లు వర్క్‌షాపులో లేరు. అమెరికాలో 1989లో ఈ తాళాల పద్ధతిని నిబంధనగా తెచ్చారు. దీన్ని పాటించడం వల్ల ఏటా సుమారు 120 మరణాలు, 50,000 గాయాలు తప్పుతున్నాయని అక్కడి కార్మిక భద్రతా సంస్థ అంచనా.

అన్ని పనులూ ఆపి చేయలేం కదా అన్న అభ్యంతరం మాత్రం బలమైనదే. కన్వేయర్ బెల్టు పక్కకు పోతుంటే తిరుగుతుండగానే సరిచూడాలి, లోడు మీద ఎంత కరెంటు తీసుకుంటోందో నడుస్తుండగానే కొలవాలి. అందుకే 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్ తిరిగే మెషీన్ దగ్గర పనికి ప్రత్యేకంగా శిక్షణ పొందినవాళ్లే ఉండాలని, ఒంటికి అతుక్కునే బట్టలు వేసుకోవాలని, వాళ్ల పేర్లు రిజిస్టర్‌లో ఉండాలని చెప్పింది. నడుస్తుండగా చేసే పని మినహాయింపు, అది నేర్చుకునేవాళ్ల పని కాదు. ఇక్కడే ఇంకో పొరపాటు సరిచేయాలి. భద్రత అంటే హెల్మెట్, గ్లౌజులు అనుకుంటాం. తిరుగుతున్న డ్రిల్లు దగ్గర గ్లౌజే ప్రమాదం. దాని దారం బిట్‌కు చుట్టుకుంటే చెయ్యి మొత్తాన్ని లాగేస్తుంది. ఒంటి మీద వేసుకునేది ఆఖరి అడ్డుగోడ మాత్రమే, శక్తిని తీసేయడం మొదటిది.

ఐటీఐ ఫిట్టర్ ట్రేడు రెండేళ్లది. భద్రత పాఠం మొదటి వారాల్లోనే అయిపోతుంది, ఆ తర్వాత ఫైలింగ్, హ్యాక్‌సా, డ్రిల్లింగ్ అంటూ సాగుతుంది. నా కోరిక ఏమిటంటే ప్రతి ప్రాక్టికల్‌లోనూ మార్కుల్లో కొంత భాగం విప్పడానికి ముందు చేసిన పనికి ఇవ్వాలి. తాళం వేయకుండా స్పానర్ పట్టినవాడికి జాబ్ ఎంత చక్కగా వచ్చినా పాస్ మార్కు పడకూడదు. మీరు చేరబోయే చోట ఈ పద్ధతి లేకపోతే? కాంట్రాక్టు మీద కొత్తగా చేరిన కుర్రాడు ఓనర్‌తో వాదించలేడు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ సొంత తాళం, నాలుగు అట్టముక్కల ట్యాగ్‌లు, ఒక మంచి టెస్టర్ రాణిగంజ్‌లో పెద్ద ఖర్చు కాకుండానే దొరుకుతాయి. తాళం పట్టని పాత స్విచ్చులకు బిగించే క్లాంపులు కూడా అడగండి. ‘అన్నా, దీని మెయిన్ ఎక్కడ? నా తాళం వేసుకుంటాను’ అంటే అది ఎదురుతిరగడం కాదు, పని తెలిసినవాడి మాట. పదిమంది పనిచేసే షెడ్డు ఓనర్లకు ఒక మాట: తాళాల పెట్టె గోడకు బిగించాక, ఎవరైనా తాళం వేసి మర్చిపోయి ఇంటికి వెళితే ఏం చేయాలో ముందే రాసి పెట్టుకోండి. ముందు ఆ మనిషి ఆవరణలో ఎక్కడా లేడని కళ్లారా చూసుకోవాలి, ఫోన్ చేసి మాట్లాడాలి, బాధ్యుడైన ఒక్కరే తాళం కోయాలి. మర్నాడు అతను మెషీన్ దగ్గరికి వెళ్లకముందే, గేటు దగ్గరే, నీ తాళం తీశాం, మెషీన్ నడుస్తోంది అని చెప్పాలి.