మెదడులోని కంతి – చర్మము చెప్పిన సాక్ష్యము

 

ఇంటిలో నొకరికి మెదడులో కంతి యున్నదని తెలిసిననాడు బంధువుల దృష్టి యంతయు తలపైననే నిలుచును. అట్టి రోగుల చేతిపై ఒక రసాయనమును పూసి, చర్మము ఎఱ్ఱబడునో లేదో యని వైద్యులు పరీక్షించిన కాల మొకటి కలదు. తలలోని వ్యాధికిని చేతి చర్మమునకును సంబంధ మేమి?

శరీరమును రక్షించు వానిలో లింఫోసైటులను తెల్లకణములు ముఖ్యమైనవి. ఇవి ఒకమారు గుర్తించిన పరపదార్థమును మఱువవు. అది మరల తగిలినచో రెండు మూడు దినములలో అచటికి చేరి ఎఱుపును, వాపును కలిగించును. క్షయను కనిపెట్టుటకు చేతికి వేయు ట్యూబర్క్యులిన్ సూదికి ఆధార మిదియే. చర్మమునకు అబ్బిన ఇట్టి గుణము కణముల మూలమున ఒక గినీపంది నుండి మఱియొకదానికి సంక్రమించునని 1942లో లాండ్‌స్టైనర్, చేజ్ పండితులు చూపిరి.

అయితే క్షయక్రిమితో పరిచయమే లేనివానికి ట్యూబర్క్యులిన్ వలన ఎఱుపు రాదు. అది బలహీనత కాదు. కావున సామాన్యముగా నెవ్వరికిని తగులని పదార్థము కావలసివచ్చెను. అదియే డైనైట్రోక్లోరోబెంజీను. దానిని 2 మిల్లీగ్రాముల వఱకు అసిటోనులో కలిపి చేతిపై పూసెడివారు. రెండు వారముల పిమ్మట అత్యల్పమైన మోతాదును మరల పూసి, 48 గంటలకు చూచెడివారు. చర్మము ఎఱ్ఱబడి గట్టిపడినచో కణములు క్రొత్త పాఠమును నేర్చినవని యర్థము.

మెదడులోనే పుట్టిన కంతులు గల రోగులలో ఈ కణముల శక్తి సన్నగిల్లుచున్నదని 1972లో బ్రూక్స్ మొదలగు అమెరికా వైద్యులు ప్రకటించిరి. పుఱ్ఱెలో దాగిన వ్యాధి దేహమంతటి రక్షణను సడలించుచున్నదన్నమాట.

ఇచట నొక చిక్కు కలదు. మెదడు వాపును తగ్గించుటకు ఇచ్చు డెక్సామెథసోన్ మందు కూడ ఈ కణములను అణచును. మఱి దోషము కంతిదా, మందుదా? గ్లయోబ్లాస్టోమా యను కంతి గలవారిలో, చికిత్స ఆరంభింపక పూర్వమే లింఫోసైటులు ఎముకల మజ్జలో చిక్కుపడి రక్తములోనికి రాజాలకున్నవని 2018లో డ్యూక్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు కనుగొనిరి. కంతియు దోషియే యని తేలెను; అంతమాత్రమున మందు ప్రభావము లేదని కాదు.

ఆ రసాయనము కణములలోని జన్యుపదార్థమును మార్పగలదని సూక్ష్మజీవులపై పరీక్షలలో తెలియుటచే దానియం దాదరము తగ్గినది. నేడు రక్తమును తీసి కణములనే లెక్కింతురు. కాని చర్మము నేర్పిన పాఠము నిలిచియున్నది. ఇట్టి రోగికి స్వల్పజ్వరము వచ్చినను ఉపేక్షింపక వైద్యునికి చూపవలెను. రక్షణశక్తి తగ్గునను భయముతో వాపు మందును ఇంటివారు తమంత తాము ఆపరాదు; హఠాత్తుగా మానుట ప్రాణాపాయకరము. మోతాదును తగ్గించుట వైద్యుని పని. వేళకు మందిచ్చి, జ్వరమును కనిపెట్టియుండుట ఇంటివారి పని.